బ్యాంకాక్‌ను నడిచి చూడాలంటే: తయారీ, నాలుగు దారులు, తరచూ జరిగే పొరపాట్లు

బ్యాంకాక్‌లో నడిచి తిరగొచ్చా అని అడిగేవాళ్ళకు ఒకటే జవాబు: తిరగొచ్చు, కానీ ఊరంతా ఒకేసారి కాదు. గ్రాండ్ ప్యాలెస్ నుంచి అశోక్ కూడలి దాకా ఎనిమిది కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఆ దారిలో చాలాభాగం ఫ్లైఓవర్లు, ట్రాఫిక్కు, వేడి సిమెంటు. అదే పాత ఊళ్ళో, చైనాటౌన్‌లో, నది ఒడ్డున రెండు మూడు కిలోమీటర్ల ముక్క పట్టుకుంటే అడుగడుగునా చూసేది ఉంటుంది.

అందుకే పద్ధతి ఇలా పెట్టుకోండి. బాగున్న ముక్కలు నడవాలి, మధ్యలో ఉన్న విసుగుదారిని రైల్లోనో బోట్లోనో దాటేయాలి. కింద చెప్పేదంతా దీని చుట్టూనే.

1. ముందు నెల చూసుకోండి

నడకకు మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళేవాళ్ళకు ఇది కలిసొస్తుంది. అయితే జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొన్ని రోజులు గాలిలో పొగ, దుమ్ము ఎక్కువగా ఉంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు మాస్క్ పెట్టుకుని వెళ్ళడం మేలు.

మన వేసవి సెలవులు అక్కడ కూడా మండే ఎండాకాలమే. ఏప్రిల్ అన్నింటికంటే వేడి. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంక్రాన్ పండుగ, వీధుల్లో ఎవరి మీదైనా నీళ్ళు పోస్తారు. ఆ మూడు రోజులు ఫోన్, పాస్‌పోర్ట్ తడవని కవరు లేకుండా బయటికి రావద్దు.

దసరా సెలవులంటే వానాకాలం చివర. సెప్టెంబరులో వాన ఎక్కువ, అక్టోబరులో మెల్లగా తగ్గుతుంది. శాకాహారులకు మాత్రం ఇందులో ఒక లాభం ఉంది. చైనాటౌన్‌లో తొమ్మిది రోజుల ‘జే’ పండుగ చాలా ఏళ్ళలో మన నవరాత్రుల రోజుల్లోనే వస్తుంది, అధికమాసం పడిన ఏడు మాత్రం నెల తేడా వస్తుంది. దాని సంగతి తిండి దగ్గర చెబుతాను.

2. బస స్టేషన్ పక్కనే తీసుకోండి

హోటల్ ఎంత బాగున్నా స్టేషన్‌కు దూరమైతే ప్రతి నడకకూ ముందో కిలోమీటరు, వెనకో కిలోమీటరు అదనంగా పడుతుంది. సాయంత్రానికి కాళ్ళు పీకేది ఆ అదనపు దూరం వల్లే.

ఊళ్ళో రైళ్ళు ముఖ్యంగా రెండు రకాలు: పైన నడిచే బీటీఎస్, ఎక్కువగా భూమి కింద నడిచే ఎంఆర్‌టీ. రెండూ కలిసే చోట ఉంటే నడకలన్నింటికీ సులువు. అశోక్ (అక్కడి ఎంఆర్‌టీ స్టేషన్ పేరు సుఖుంవిత్), సాలా డేంగ్ (ఎంఆర్‌టీ పేరు సీలోమ్) అలాంటివి. పాత ఊళ్ళోనే ఉండాలనుకుంటే సామ్ యోట్ స్టేషన్ చుట్టుపక్కల చూడండి. ఖావోసాన్ రోడ్డు పేరు అందరికీ తెలుసు కానీ దాని దగ్గర్లో రైలు లేదు.

ఇంకో మాట. హోటల్ ప్రకటనలో “స్టేషన్‌కు 400 మీటర్లు” అని ఉంటే అది మ్యాప్ మీద గీత గీసి కొలిచిన దూరం కావచ్చు. నడక దారి పెట్టి మీరే కొలుచుకోండి. అక్కడి సందుల్లో చాలావాటికి రెండో చివర ఉండదు, చుట్టూ తిరిగి రావాలి.

3. సంచిలో ఏముండాలి

బరువు తగ్గితేనే నడక సాగుతుంది. భుజానికి చిన్న సంచి ఒకటి చాలు.

☐ అరలీటరు నీళ్ళ సీసా. అడుగడుగునా సెవెన్ ఎలెవెన్ దుకాణాలుంటాయి, రెండు లీటర్లు మోయక్కర్లేదు.
☐ ఓఆర్‌ఎస్ పొట్లాలు. చెమటతో పోయిన ఉప్పు ఉత్తి నీళ్ళతో తిరిగిరాదు.
☐ సులువుగా విప్పి తొడుక్కునే, మడమ పట్టి ఉన్న చెప్పులు. గుళ్ళలో పదేపదే విప్పాలి, లేసుల బూట్లతో విసుగొస్తుంది.
☐ చెప్పులు పెట్టుకోవడానికి ఒక గుడ్డసంచి.
☐ భుజాలు, మోకాళ్ళు కప్పే పలుచని నూలు బట్టలు. ఆడవాళ్ళకు చేతులున్న చుడీదార్ చక్కగా సరిపోతుంది. బిగుతు లెగ్గింగ్స్, చిరుగుల జీన్స్‌తో గ్రాండ్ ప్యాలెస్ గేటు దగ్గర ఆపేస్తారు.
☐ మడిచే గొడుగు, వానకే కాదు ఎండకు కూడా.
☐ 20, 50, 100 బాట్ నోట్లు. బండ్ల దగ్గర, రేవుల్లో 1000 నోటుకు చిల్లర దొరకదు. మన ఫోన్‌పే అలవాటు అక్కడ మర్చిపోవాలి.
☐ పవర్‌బ్యాంక్, అక్కడి సిమ్ లేదా ఈ-సిమ్.
☐ హోటల్ పేరు, చిరునామా థాయ్ లిపిలో ఉన్న స్క్రీన్‌షాట్. ఇది లేకపోతే రాత్రి టాక్సీ దగ్గర టెన్షన్ తప్పదు.

4. రోజును మూడుగా విడగొట్టండి

పొద్దున 6.30 నుంచి 10.30 వరకు నడక. 10.30 నుంచి 4 వరకు నీడపట్టున: బోటు, మాల్, మ్యూజియం, లేదంటే గదిలో నిద్ర. 4 తర్వాత 8 దాకా మళ్ళీ నడక.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు హోటల్లో టిఫిన్ నింపాదిగా తిని, పదిన్నరకు బయటపడి, మిట్టమధ్యాహ్నం గుళ్ళు తిరగడం. సెలవు కదా, నిద్రపోదాం అనిపిస్తుంది. ఆ నిద్రను మధ్యాహ్నానికి జరపండి. పిల్లలు, పెద్దవాళ్ళు వెంట ఉంటే ఇది మరీ ముఖ్యం.

ఒక పూటకు నాలుగు కిలోమీటర్లు మించకండి. ఇంటి దగ్గర రోజూ ఆరేడు కిలోమీటర్లు నడిచేవాళ్ళు కూడా ఆ ఉక్కలో నాలుగు కిలోమీటర్లకే డీలా పడిపోతారు.

5. చిరునామా చదవడం నేర్చుకోండి

థానోన్ అంటే పెద్ద రోడ్డు, సోయ్ అంటే దాని నుంచి చీలే సందు, త్రోక్ అంటే ఇంకా ఇరుకు సందు. ఖ్లోంగ్ కాలువ, సఫాన్ వంతెన, థా రేవు, తలాత్ బజారు, వాట్ గుడి. ఈ కాసిని మాటలు తెలిస్తే సగం బోర్డులు అర్థమవుతాయి.

సోయ్‌లకు నంబర్లుంటాయి. రోడ్డుకు ఒక పక్క బేసి సంఖ్యలు, ఇంకో పక్క సరి సంఖ్యలు. చిక్కేమిటంటే ఈ రెండు వరసలూ ఒకదానికొకటి ఎదురుగా రావు. సుఖుంవిత్ రోడ్డులో సోయ్ 21కి ఎదురుగా 20, 22 ఉంటాయనుకుంటాం, అక్కడుండేది సోయ్ 16. నంబరు చూసి రోడ్డు దాటేస్తే మళ్ళీ వెనక్కి దాటాల్సి వస్తుంది. ముందు మ్యాప్‌లో ఏ పక్కో తేల్చుకుని, అదే పక్కకు స్టేషన్ నుంచి బయటపడండి. స్టేషన్ ఎగ్జిట్ నంబర్లు దీనికోసమే.

ఇంగ్లీషు అక్షరాల్లో ఊరి పేర్లు ఒక్కో బోర్డు మీద ఒక్కోలా ఉంటాయి. ఒకటి రెండు అక్షరాలు తేడా ఉంటే కంగారు పడొద్దు, చదివినప్పుడు అదే పలుకుతుందేమో చూడండి.

6. రోడ్డు దాటడం, ఫుట్‌పాత్ మీద నడవడం

అక్కడా బళ్ళు ఎడమ పక్కనే నడుస్తాయి కాబట్టి ముందు కుడికి చూసే మన అలవాటు పనికొస్తుంది. జీబ్రా గీతలున్నాయని బళ్ళు ఆగవు. సిగ్నల్ ఉంటే పచ్చబొమ్మ వెలిగే వరకు ఆగండి, పైవంతెన ఉంటే మెట్లెక్కండి. పెద్ద రోడ్ల మీద పరిగెత్తి దాటే సాహసం వద్దు. వన్‌వే అయినా రెండు వైపులా చూడాలి, బైకులు ఎదురొస్తాయి.

ఫుట్‌పాత్ మీద కూడా బైకులు వస్తాయి. హారన్ కొట్టరు, వెనక మెల్లగా వచ్చి ఆగుతారు. పక్కకు తప్పుకుంటే సరి. తల ఎత్తున ఉండే గొడుగు పుల్లలు, వేలాడే తీగలు, బోర్డుల అంచులు పొడుగ్గా ఉన్నవాళ్ళకు గండం. వాన పడ్డాక కదిలే టైల్ మీద కాలేస్తే కింద నిలిచిన మురికినీరు మోకాలి దాకా చిమ్ముతుంది.

సియామ్ నుంచి రాచప్రసోంగ్ కూడలి మీదుగా చిట్ లోమ్ దాకా బీటీఎస్ కింద నీడతో స్కైవాక్ ఉంది. ఆ భాగంలో రోడ్డు మీదికి దిగే పనే లేదు.

పొద్దున 8కి, సాయంత్రం 6కి పార్కుల్లో, స్టేషన్లలో జాతీయగీతం వినిపిస్తుంది. అందరూ ఆగిపోతారు, మీరూ ఆగండి.

7. మొదటి నడక: పూలబజారు నుంచి వాట్ అరుణ్ దాకా

ఒక్క పూటే ఉందంటే ఈ దారే ఎంచుకోండి.

మొదట, 6.30 ప్రాంతంలో సనామ్ చాయ్ ఎంఆర్‌టీ స్టేషన్‌లో దిగండి. ఐదు నిమిషాల నడకలో పాక్ ఖ్లోంగ్ తలాత్, ఊరి పూలబజారు. పగలూ రాత్రీ నడుస్తుంది కానీ ఎండ ముదరకముందే అందం. బంతి, మల్లె, తామర మొగ్గలు బస్తాల్లో ఉంటాయి. మన కడియం పూల వ్యాపారం చూసినవాళ్ళకైనా ఆ దండల పనితనం కొత్తగా ఉంటుంది. దారి మధ్యలో నిలబడి ఫోటోలు తీయొద్దు, తోపుడు బండ్లవాళ్ళు బరువుతో వస్తుంటారు.

తర్వాత, మహారాత్ రోడ్డు పట్టుకుని వాట్ ఫో వైపు నడవండి, కిలోమీటరు లోపే. 8 గంటలకు తెరుస్తారు. దక్షిణం వైపు చెతుఫోన్ రోడ్డు గేటు మీకు ముందే వస్తుంది, అక్కడే లోపలికి వెళ్ళండి. టికెట్ 300 బాట్. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు. తల దగ్గర అందరూ గుమిగూడతారు, పాదాల దగ్గర తీరిగ్గా చూడొచ్చు: అరికాళ్ళ మీద ముత్యపుచిప్పతో 108 మంగళచిహ్నాలు పొదిగారు. వెనకవైపు 108 కంచు పాత్రల వరస, చిల్లర నాణేలు కొనుక్కుని ఒక్కోదాంట్లో వేస్తూ పోతారు.

ఆ తర్వాత, థా తియెన్ రేవుకు వెళ్ళి అవతలి ఒడ్డుకు ఫెర్రీ ఎక్కండి. చార్జీ ఐదు బాట్ల చుట్టూ ఉంటుంది. రేవు ముందు “స్పెషల్ బోటు” అని వందలు అడిగేవాళ్ళను దాటి ఫెర్రీ కౌంటర్‌కే వెళ్ళాలి.

చివరగా వాట్ అరుణ్, టికెట్ 200 బాట్. మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది అంతస్తులో ప్రదక్షిణం చేసి పింగాణీ ముక్కల పని చూస్తే చాలు. తిరిగి నది దాటనక్కర్లేదు, పదిహేను నిమిషాలు నడిస్తే ఇసరాఫాప్ ఎంఆర్‌టీ స్టేషన్ వస్తుంది. చాలామంది ఈ సంగతి తెలియక వచ్చిన దారినే మళ్ళీ వెళ్తారు.

గ్రాండ్ ప్యాలెస్‌ను ఇదే రోజు ఇరికించకండి. దానికి వేరే పొద్దున కావాలి. 8.30కి తెరుస్తారు, 3.30కి టికెట్లు ఆపేస్తారు, రుసుము 500 బాట్. తెరిచే వేళకు గేటు దగ్గరుంటే గుంపుల కంటే ముందు లోపల ఉంటారు.

8. రెండో నడక: పెద్ద ఊయల నుంచి కాలువ బోటు దాకా

సాయంత్రం 4కి సామ్ యోట్ స్టేషన్‌లో దిగి ఉత్తరంగా నడిస్తే ఎర్రటి పెద్ద ఊయల స్తంభాలు, పక్కనే వాట్ సుతాత్ వస్తాయి. బమ్రుంగ్ మువాంగ్ రోడ్డు పొడుగునా పూజాసామగ్రి దుకాణాలు, మనిషి ఎత్తు బుద్ధ విగ్రహాలు ప్లాస్టిక్ కవర్లలో నిలబడి ఉంటాయి.

ఊయలకు దగ్గర్లోనే దిన్సో రోడ్డులో దేవస్థాన్ ఉంది. రాజదర్బారు బ్రాహ్మణుల గుడి. శివుడికి, వినాయకుడికి, విష్ణువుకు మూడు వేర్వేరు మందిరాలు. పెద్ద గోపురం ఉంటుందని వెతికితే దాటిపోతారు, తెల్లటి సాదా కట్టడాలు.

దిన్సో రోడ్డు చివర ప్రజాస్వామ్య స్మారకం. అక్కడ కుడికి తిరిగితే 37 శిఖరాల లోహ ప్రాసాత్, కాలువ దాటితే గోల్డెన్ మౌంట్ అనే గుట్ట మీది గుడి. పైకి 344 మెట్లు, కానీ చుట్టూ తిరుగుతూ సులువుగా ఎక్కేట్టు కట్టారు. సూర్యాస్తమయానికి అరగంట ముందు ఎక్కండి.

దిగాక, ఫాన్ ఫా వంతెన దగ్గర సేన్ సేప్ కాలువ బోటు ఎక్కితే ట్రాఫిక్ లేకుండా సియామ్ వైపు వచ్చేస్తారు. హువా చాంగ్ రేవులో దిగండి. బోటు ఆగేది కొన్ని క్షణాలే, చంటిపిల్లలతో ఉంటే ఇది వద్దు. మురికినీళ్ళు చిందకుండా పక్కనున్న పట్టాను తాడుతో పైకి లాగాలి, అందరూ లాగుతారు. శని, ఆదివారాల్లో బోట్లు త్వరగా ఆగిపోతాయి. ఏ రోజైనా 7 దాటాక వీటిని నమ్ముకోవద్దు.

9. మూడో నడక: తలాత్ నోయ్, చైనాటౌన్

ఇక్కడ ముందే ఒకటి తేల్చుకోవాలి: కొనుగోళ్ళా, తిండా? సామ్‌పెంగ్ సందు మన బేగంబజార్ లాంటిది, హోల్‌సేల్ దుకాణాలు సాయంత్రం ఐదింటికల్లా మూతపడతాయి. యావరాత్ రోడ్డు తిండిబండ్లు చీకటి పడ్డాకే మొదలవుతాయి. రెండూ కావాలంటే 3 గంటలకు సామ్‌పెంగ్‌తో మొదలుపెట్టండి.

కొనేదేం లేకపోతే ఈ వరస బాగుంటుంది:

☐ 3.30: హువా లంఫోంగ్ ఎంఆర్‌టీ స్టేషన్
☐ వాట్ త్రైమిత్, ఐదున్నర టన్నుల బంగారు బుద్ధుడు. ఐదింటికి మూసేస్తారు.
☐ తలాత్ నోయ్ సందులు. పాత ఇంజన్ల గుట్టలు, వాటి మధ్యే కాఫీ దుకాణాలు. జనం కాపురముండే చోటు, వాకిళ్ళలోకి కెమెరా పెట్టొద్దు.
☐ నదికి సమాంతరంగా సోంగ్ వాట్ రోడ్డు
☐ 6.30: యావరాత్ రోడ్డు, దీపాలు వెలిగే వేళ
☐ తిరుగు ప్రయాణం వాట్ మంగ్‌కోన్ స్టేషన్ నుంచి

సోమవారం చాలా తిండిబండ్లు రావు. ఆ రోజు ఈ నడక పెట్టుకోవద్దు.

10. నాలుగో నడక: రెండు పార్కులు

లుంఫిని పార్కులో పొద్దున్నే చుట్టు కొట్టి, ఈశాన్య మూల నుంచి 1.3 కిలోమీటర్ల పచ్చవంతెన ఎక్కి బెంచాకితి పార్కుకు రావడం. వంతెన మీద నీడ తక్కువ, 8 లోపు దాటేయండి. లుంఫిని చెరువులో పెద్ద పెద్ద ఉడుములు తిరుగుతాయి. వాటి జోలికి పోకపోతే అవీ రావు.

11. తిండి, నీళ్ళు, టాయిలెట్

శాకాహారులకు అసలు చిక్కు కనబడే మాంసం కాదు, కూరగాయల వేపుడులో కలిసే చేపల సాస్, ఆయిస్టర్ సాస్. “వెజ్” అంటే మాంసం ముక్కలు ఏరేసి ఇస్తారు. “కిన్ జే” అనండి. పసుపు రంగు మీద ఎర్రగా, మన కంటికి 17 అంకెలా కనిపించే గుర్తు ఉన్న చోట మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. జే పండుగ రోజుల్లో యావరాత్ అంతా ఈ పసుపు జెండాలే. మిగతా రోజుల్లో అక్కడ ఎక్కువగా చేపలు, రొయ్యలు. అప్పుడు దగ్గర్లోని ఫాహురాత్‌కు వెళ్ళండి, మన దేశపు భోజనం దొరుకుతుంది.

పనికొచ్చే మాటలు: మై సై నామ్ ప్లా (చేపల సాస్ వేయొద్దు), మై సై ఖై (గుడ్డు వేయొద్దు), మై ఫెట్ (కారం వద్దు), థావ్ రై (ఎంత?), మై ఆవ్ (నాకొద్దు), హోంగ్ నామ్ యూ నై (టాయిలెట్ ఎక్కడ?). మగవాళ్ళు చివర ఖ్రాప్ అని, ఆడవాళ్ళు ఖా అని చేరిస్తే మర్యాద.

కుళాయి నీళ్ళు తాగొద్దు. టాయిలెట్‌కు మాల్స్, గుళ్ళు మంచివి. నడక మొదలయ్యే ముందు, మాల్ కనిపించినప్పుడల్లా వెళ్ళి రావడం తెలివైన పని.

12. ఎవరి మాట నమ్మకూడదు

గ్రాండ్ ప్యాలెస్ దారిలో శుభ్రమైన బట్టలేసుకున్న మనిషి మర్యాదగా పలకరించి “ఈరోజు ప్యాలెస్ మూసేశారు, పూజ ఉంది” అంటాడు. ఇంకో గుడి చూపిస్తానని 20, 30 బాట్లకే టుక్‌టుక్ ఎక్కిస్తాడు. బండి ఆగేది రత్నాల దుకాణం ముందో, దర్జీ దుకాణం ముందో. తెరిచి ఉందో లేదో గేటు దగ్గరే చూసుకోండి. రాజకుటుంబ కార్యక్రమాలకు నిజంగా మూసే రోజులు కూడా ఉంటాయి, అవి అధికారిక వెబ్‌సైట్‌లో ముందే పెడతారు.

చేతిలో పావురాల గింజలు పెట్టి డబ్బు అడగడం ఇంకో రకం. చేతులు వెనక్కి పెట్టుకుని “మై ఆవ్” అని నడుస్తూ పోండి. ఆగి వాదిస్తే ఇరుక్కుంటారు.

13. మధ్యలో తేడా వస్తే

తల తిరుగుతూ చెమట ఆగిపోతే: అది అలసట కాదు, వడదెబ్బ మొదలు. వెంటనే ఏసీ ఉన్న దుకాణంలోకి వెళ్ళండి, మెడ, చంకలు తడిగుడ్డతో తుడవండి. మనిషి స్పృహలో ఉంటే ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా పట్టండి. తికమకగా మాట్లాడుతుంటే 1669కి ఫోన్ చేయండి, అది అంబులెన్స్ నంబరు.

పాదం బొబ్బ కడితే: చిదమొద్దు. ప్లాస్టర్ వేసి ఆ పూట బోటు ప్రయాణానికి మార్చుకోండి.

కుండపోత వాన వస్తే: గంట సేపు ఎక్కడైనా కూర్చోండి, చాలాసార్లు తగ్గిపోతుంది. నీళ్ళు నిలిచిన ఫుట్‌పాత్ మీద నడవొద్దు, గుంతలు, మూత లేని కాలువలు కనబడవు.

దారి తప్పితే: సోయ్‌లో ముందుకు పోకుండా పెద్ద రోడ్డుకు తిరిగి రండి. సందు మొదట్లో నారింజ రంగు జాకెట్లు వేసుకున్న బైక్ టాక్సీవాళ్ళు ఉంటారు, థాయ్ లిపి స్క్రీన్‌షాట్ చూపిస్తే దారి చెబుతారు. బైక్ ఎక్కేట్టయితే ముందే ధర మాట్లాడి హెల్మెట్ అడిగి పెట్టుకోండి.

కాళ్ళు ఇక కదలకపోతే: గ్రాబ్, బోల్ట్ యాప్‌లు పనిచేస్తాయి. కానీ సాయంత్రం 5 నుంచి 7.30 వరకు కారు కంటే రైలు త్వరగా చేరుస్తుంది.

డబ్బు గుంజారనిపించినా, పాస్‌పోర్ట్ పోయినా: టూరిస్ట్ పోలీస్ 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. పాస్‌పోర్ట్ కాపీ ఒకటి ఫోన్లో, ఇంకొకటి గదిలో పెట్టుకుంటే ఫిర్యాదు రాయించడం తేలిక.